మందు కలపని దాణాలో యాంటీబయాటిక్ ఎక్కడిది? కోడి పేగులో అది ఏం చేస్తుంది?

గుడ్లబండి:
మందేమీ వెయ్యలేదని మిల్లు రాసిచ్చిన లేయర్ (గుడ్లు పెట్టే కోళ్ల) దాణా. ల్యాబ్ రిపోర్టులో మాత్రం టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్ క్లోర్‌టెట్రాసైక్లిన్ కిలోకి 3.1 మిల్లీగ్రాములు. ఇలాంటి అంకెను ఎలా చదవాలి? ఎవరైనా కావాలని కలిపారా, మిషన్లో మిగిలిందా? గుడ్డులో పరిమితి దాటుతుందా? కోడి పేగులో మందుకి లొంగని బ్యాక్టీరియా పెరుగుతుందా? తెలిసినవాళ్లు విడమర్చి చెప్పండి.

రిబ్బన్‌మిక్సర్:
మిల్లు సంగతి వరకు నేను చెప్తాను. జబ్బుకి కలిపేవాళ్లు టన్నుకు 200 నుంచి 400 గ్రాముల అసలు మందు పడేలా కలుపుతారు, అంటే కిలోకి 200–400 మి.గ్రా. మీ 3.1ని 300తో పోల్చండి. 1 శాతం పైచిలుకు. 1 శాతం చుట్టుపక్కల అంకె కనిపిస్తే ముందు బ్యాచ్ మిగులు కలిసిందనే మొదట అనుకోవాలి. కావాలని కలిపితే అంకె ఇంత చిన్నగా ఉండదు.

ఎక్కడ మిగులుతుందంటే, రిబ్బన్ బ్లేడుకీ తొట్టి గోడకీ మధ్య సందులో, డిశ్చార్జి గేటు అంచున, స్క్రూ కన్వేయర్ చివర, బకెట్ ఎలివేటర్ బూట్‌లో, పెల్లెట్ కండిషనర్‌లో, కూలర్‌లో. నూనె, మొలాసిస్ చిమ్మే నాజిల్ కింద గడ్డ కట్టిన పొర మరీ ముఖ్యం. అది వారాల తరబడి అక్కడే ఉండి కొంచెం కొంచెంగా ఊడి పడుతుంది. టన్ను మిక్సర్‌లో అడుగున 10 కిలోలు ఉండిపోతే చాలు, అదే 1 శాతం. పది కిలోలంటే అడుగంతా పలచగా పరుచుకున్న పొర, పైనుంచి చూస్తే తొట్టి ఖాళీగానే కనిపిస్తుంది.

ఇంకో తప్పు తూకం దగ్గర జరుగుతుంది. ప్రీమిక్స్ అంటే మందుని ముందే పిండిలో కలిపి అమ్మే పొడి. 15 శాతం ప్రీమిక్స్ 2 కిలోలు వేస్తే అందులో అసలు మందు 300 గ్రాములే. "300 గ్రాములు వెయ్యి" అని చెబితే ఒకడు 300 గ్రాముల ప్రీమిక్స్ వేస్తాడు, అప్పుడు అసలు మందు 45 గ్రాములు. చీటీలో "అసలు మందు" అనో "ప్రీమిక్స్" అనో తేటగా రాయకపోతే చికిత్సకి చాలని మోతాదు పడుతుంది. జబ్బు తగ్గదు, పేగులో బ్యాక్టీరియాకి మాత్రం మంచి శిక్షణ అవుతుంది.

కొలతలగది:
రిబ్బన్‌మిక్సర్ గారి లెక్కకి ఒక మెలిక. 3.1 అన్నది ఏ బస్తాలోంచి తీసిన నమూనా? మిగులు మందు బ్యాచ్ అంతా సమానంగా పరుచుకోదు. కన్వేయర్‌లోనూ బిన్‌లోనూ ఉన్నది తర్వాత వచ్చే సరుకుతో ముందుగా బయటపడుతుంది, కాబట్టి మొదటి బస్తాల్లో ఎక్కువ, చివరి బస్తాల్లో దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. మొదటి బస్తాలో 3.1 ఉంటే బ్యాచ్ సగటు అంతకంటే బాగా తక్కువ. చివరి బస్తాలోనూ 3.1 ఉంటే తప్పు మిక్సర్‌లోనే, లేదా ముడిసరుకులోనే ఉంది. ఒక్క బస్తా అంకెతో తీర్పు చెప్పకండి.

నమూనా తీసేటప్పుడు కనీసం 10 చోట్ల నుంచి పిడికెడు చొప్పున తియ్యండి. మొదటి, నడిమి, చివరి బస్తాలకి మూడు విడి మొత్తాలు చేసి, ఒక్కోదాన్ని బాగా కలిపి 500 గ్రాములకి తగ్గించండి. ముదురురంగు సంచిలో, చల్లగా పంపండి. టెట్రాసైక్లిన్ వెలుతురుకి పాడవుతుంది. ఎండ తగిలే కిటికీ పక్కన రెండు రోజులు ఉంచిన నమూనాలో "ఏమీ లేదు" అని వస్తే దాన్ని నమ్మలేం.

గుడ్లబండి:
కొలతలగది గారూ, మిల్లువాళ్లు చూపించే చౌక పరీక్షలో నెగెటివ్ వచ్చింది, పెద్ద ల్యాబ్‌లో 3.1. ఇలా ఎందుకు తేడా వస్తుంది?

కొలతలగది:
చౌక పరీక్ష అంటే చాలాచోట్ల బ్యాక్టీరియా పెరుగుదలని ఆపుతుందా లేదా అని చూసే పరీక్ష. టెట్రాసైక్లిన్‌కి బాసిల్లస్ సెరియస్ పొరమీద వలయం చూస్తారు. దాణాలో దీనికి రెండు వైపులా చిక్కే. రాగి, జింకు, ఫార్మిక్ ఆసిడ్ ఎక్కువున్న దాణాలో మందు లేకపోయినా వలయం వస్తుంది. ఇక లేయర్ దాణాలో కాల్షియం దాదాపు 4 శాతం ఉంటుంది. అది టెట్రాసైక్లిన్‌ని పట్టేసుకుంటుంది. మామూలు బఫర్‌తో తీస్తే మందు ద్రవంలోకి రాకుండా సున్నంతోనే ఉండిపోతుంది. మీ నెగెటివ్ అలా వచ్చిందే అయ్యుండొచ్చు.

అందుకే టెట్రాసైక్లిన్‌లకి పీహెచ్ 4 మెక్‌ఇల్వైన్ బఫర్‌లో ఈడీటీఏ కలిపి తీస్తారు. ఈడీటీఏ కాల్షియాన్ని లాక్కుంటుంది, మందు వదులుతుంది. తర్వాత సాలిడ్ ఫేజ్ గొట్టంలో (మందుని పట్టి మిగతాది వదిలేసే వడపోత గొట్టం) శుభ్రం చేసి, అణువుల్ని విడదీసి బరువుని బట్టి గుర్తుపట్టే ఎల్‌సీఎంఎస్ మిషన్‌కి పంపుతారు. మధ్యలో ఎంత పోయిందో తెలియడానికి అదే జాతి డెమెక్లోసైక్లిన్‌ని తెలిసిన కొలతలో, లోపలి ప్రమాణంగా ముందే కలుపుతారు. క్యాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో గీసే కొలత గీత) వట్టి ద్రావణితో కాదు, మందు లేని అదే రకం దాణాతో చెయ్యాలి. బ్రాయిలర్ దాణాతో గీసిన గీతమీద లేయర్ దాణాని చదివితే సున్నం తేడాకే అంకె మారిపోతుంది. రిపోర్టులో "ఎపిమర్ కలిపి" అని ఉందో లేదో కూడా చూడండి. మందులో కొంత భాగం ఎపిమర్‌గా, అంటే అణువు అమరిక కొద్దిగా మారిన 4-ఎపి రూపంలోకి మారుతుంది. మాంసం, గుడ్ల పరిమితులు యూరప్‌లో మూలరూపం, ఎపిమర్ రెండూ కలిపిన మొత్తానికి పెట్టినవి.

పేగుడాక్టర్:
గుడ్డు లెక్క నేను చేస్తాను. కోడి రోజుకి 110 గ్రాములు తింటే 3.1 మి.గ్రా. చొప్పున 0.34 మి.గ్రా. మందు లోపలికి పోతుంది. యూరప్‌లో గుడ్డు పరిమితి కిలోకి 200 మైక్రోగ్రాములు, అంతర్జాతీయ ఆహార ప్రమాణాలైన కోడెక్స్‌లో 400. అరవై గ్రాముల గుడ్డులో 200 పరిమితి అంటే 12 మైక్రోగ్రాములు. రోజూ తిన్నదాంట్లో 3.5 శాతం గుడ్డులోకి దిగితేనే అది దాటుతుంది. టెట్రాసైక్లిన్‌ని పేగు దగ్గరే కాల్షియం పట్టేస్తుంది కాబట్టి ఈ మోతాదుకి అంత దిగడం కష్టం. గుడ్డు పరీక్ష పాసయ్యే అవకాశమే ఎక్కువ.

అయితే ఇది టెట్రాసైక్లిన్‌కి సరిపోయే మాట. కాక్సీడియా అనే పేగు పరాన్నజీవికి వేసే నికార్బజిన్‌లాంటి మందు అదే 1 శాతం మిగిలితే పచ్చసొనలోకి బాగా దిగుతుంది. పచ్చసొన పెరగడానికి పది రోజుల దాకా పడుతుంది కాబట్టి దాణా మార్చిన మర్నాటి గుడ్డు శుభ్రమని అనుకోకూడదు.

ఒక జంతువుకి మందైనది ఇంకోదానికి విషం. మోనెన్సిన్ గుర్రానికి ఒంటి బరువు కిలోకి 2–3 మి.గ్రా. చేరితే ప్రాణం పోతుంది. లింకోమైసిన్ పందుల దాణాలోంచి పాడి ఆవుల దాణాలోకి కొద్దిగా కలిసినా ఆవు మేత మానేసి పాలు పడిపోతాయి. సాలినోమైసిన్ తింటున్న కోళ్లకి టియామ్యులిన్ ఇస్తే చచ్చిపోతాయి. మిల్లువాళ్లు అవశేషాల మాటకి కదలకపోయినా ఈ మాట చెప్తే కదులుతారు.

పెట్రిడిష్:
అసలు విషయానికి వద్దాం. గుడ్డు పాసయ్యిందంటే పేగు పాసయ్యిందని కాదు. ఈ రెండూ వేరు వేరు గడియారాలు.

విత్‌డ్రాయల్ పీరియడ్‌ని, అంటే మందు ఆపాక మాంసం, పాలు, గుడ్లు వాడకుండా ఆగాల్సిన రోజుల్ని, కండ, కాలేయం, కిడ్నీ, పాలు, గుడ్లలో మందు పరిమితి కిందికి దిగే రోజుల్ని బట్టి కట్టారు. పేగులో బ్యాక్టీరియా మళ్లీ మామూలయ్యే రోజుల్ని ఆ లెక్కలోకి తీసుకోలేదు. మందు రోజుల్లో పోతుంది. మందుకి లొంగని ఇ.కోలై అనే పేగు బ్యాక్టీరియా మాత్రం లిట్టర్‌లో (షెడ్డు నేలమీద పరిచే పొట్టులో), నీళ్ల పైపుల్లో, తర్వాత మందలో ఉండిపోతుంది.

1976లో అమెరికాలో స్టువర్ట్ లెవీ బృందం చూపించింది ఇదే. టెట్రాసైక్లిన్ కలిపిన దాణా పెట్టిన వారంలోపే కోళ్ల పేగులో దాదాపు అంతా లొంగని బ్యాక్టీరియానే అయింది. ఐదారు నెలలకి ఆ ఫారంలో ఉన్న మనుషుల మలంలోనూ కనిపించింది. అది చికిత్స మోతాదు కూడా కాదు, ఎదుగుదల కోసం వేసే మోతాదు.

ఇక 3.1 మి.గ్రా. లాంటి చిల్లర మోతాదు. లొంగే బ్యాక్టీరియాని చంపాలంటే ఎక్కువ మందు కావాలి, నిజమే. దాన్ని కొంచెం మందగింపజెయ్యడానికి మాత్రం అందులో పదో వంతు, కొన్ని మందులకి నూరో వంతు కూడా సరిపోతుంది. పక్కనే లొంగనిది మామూలు వేగంతో పెరుగుతుంది. పేగులో రోజూ కొన్ని తరాలు గడుస్తాయి, కొద్దిపాటి తేడా అయినా తొందరగా పేరుకుంటుంది. చిన్న మోతాదుని "ఏం కాదులే" అని కొట్టిపారెయ్యలేనిది అందుకే. అలాగని 3.1 మి.గ్రా.లో అంతా పనిచేసే మందు కూడా కాదు. పేగులోనూ కాల్షియం దాన్ని పట్టే ఉంచుతుంది. ల్యాబ్ ఈడీటీఏతో లాగి కొలిచిన అంకె మొత్తం మందుది. బ్యాక్టీరియాకి అందేది అందులో ఒక భాగమే.

తూకం:
అయితే "అవశేషాలు లేవు" అని ముద్ర ఉన్న మాంసం, పేగు సంగతి ఏమీ చెప్పదన్నమాట?

పెట్రిడిష్:
ఏమీ చెప్పదు. కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని చూడండి. నోటితో ఇస్తే దాదాపు రక్తంలోకే ఎక్కదు, పేగులోనే ఉండిపోతుంది. కండలో అవశేషం వెతికితే దొరకదు, సర్టిఫికెట్ బంగారంలా ఉంటుంది. ఒత్తిడంతా పేగు బ్యాక్టీరియా మీదే పడుతుంది. కొలిస్టిన్‌కి లొంగకుండా చేసే ఎమ్‌సీఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉందని 2015 నవంబరులో చైనా నుంచి బయటికి వచ్చింది. ప్లాస్మిడ్ మీద ఉందంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారుతుంది. మనుషులకి చివరి అస్త్రంగా దాచిన మందు ఈ కొలిస్టిన్. 2017లో చైనా ఆ మందుని పశువుల ఎదుగుదల కోసం వాడటం ఆపింది. 2019లో భారత్ ఆహారానికి పెంచే జంతువుల్లో నిషేధించింది.

మందుమానేద్దాం:
సింపుల్ కదండీ. దాణాలో యాంటీబయాటిక్ ఆపేస్తే కొన్నాళ్లకి రెసిస్టెన్స్ (మందుకి లొంగకపోవడం) దానంతట అదే పోతుంది.

పెట్రిడిష్:
కొన్నిటికి పోతుంది. కెనడాలోని క్యుబెక్ హేచరీల్లో 2005లో సెఫ్టియోఫర్ అనే సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్‌ని గుడ్లలోకి ఎక్కించడం మానేశాక కోడిమాంసంలోని సాల్మొనెల్లా హైడెల్‌బర్గ్ అనే బ్యాక్టీరియాలోనూ, మనుషుల్లోని దాంట్లోనూ ఆ మందుకి రెసిస్టెన్స్ బాగా తగ్గింది. మళ్లీ మొదలుపెట్టాక మళ్లీ పెరిగింది.

డెన్మార్క్‌లో ఇంకోలా జరిగింది. దాణాలో వేసే, వాంకోమైసిన్ జాతికే చెందిన అవోపార్సిన్‌ని 1995లోనే ఆపారు. కోళ్లలో వాంకోమైసిన్‌కి లొంగని ఎంటెరోకాకస్ అనే పేగు బ్యాక్టీరియా తగ్గింది, పందుల్లో మాత్రం తగ్గలేదు. ఎందుకంటే వాంకోమైసిన్‌ని తట్టుకునే జన్యువూ మాక్రోలైడ్ మందుల్ని తట్టుకునే జన్యువూ ఒకే ప్లాస్మిడ్ మీద ఉన్నాయి. పందుల దాణాలో మాక్రోలైడ్ మందైన టైలోసిన్ అలాగే సాగింది, అదే ఆ ప్లాస్మిడ్‌ని కాపాడింది. 1998లో టైలోసిన్ వాడకం తగ్గాక కానీ అది దిగిరాలేదు.

రాగి, జింకు కూడా ఇదే పని చేస్తాయి. పందిపిల్లల దాణాలో రాగి ఎక్కువ వేస్తే రాగిని తట్టుకునే జన్యువు ఉన్న ఎంటెరోకాకస్ బతుకుతుంది, దాని ప్లాస్మిడ్ మీదున్న మిగతావి కూడా వెంటే వస్తాయి. తల్లినుంచి విడదీసిన పందిపిల్లలకి విరేచనాలు కట్టడానికి పెట్టే భారీ జింక్ ఆక్సైడ్ మోతాదు, అంటే దాణా కిలోకి 2,500 మి.గ్రా. జింకు లెక్క, యూరప్‌లో 2022 జూన్‌తో ఆగిపోయింది. కాక్సీడియాకి వాడే అయనోఫోర్లు (మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటివి) "మనుషుల మందు కాదు కదా" అనుకునేవి. వాటిని తట్టుకునే జన్యువు వాంకోమైసిన్ జన్యువు పక్కనే ఒకే ప్లాస్మిడ్ మీద కనిపించిన ఎంటెరోకాకస్‌లు ఉన్నాయి. యాంటీబయాటిక్ ఒక్కటే ఆపి, మిగతావాటిని బస్తాలకొద్దీ వేస్తూ "రెసిస్టెన్స్ తగ్గలేదేంటి" అంటే ఎలా?

మందుమానేద్దాం:
ఒప్పుకున్నా. తొందరపడ్డాను.

పేగుడాక్టర్:
మిల్లు కాకుండా మందు లోపలికి వచ్చే దారులు ఇంకా ఉన్నాయి, వాటిని మర్చిపోవద్దు. మాంసం-ఎముకల పొడిలో టెట్రాసైక్లిన్ ఎముకకి అతుక్కుని వస్తుంది, రెండరింగ్ (కబేళా వ్యర్థాల్ని ఉడికించి పొడి చెయ్యడం) వేడికి పూర్తిగా పోదు. ఈకల పొడిలోనూ మందులు దొరుకుతాయి. ఇథనాల్ కర్మాగారాల నుంచి వచ్చే ఎండు డిస్టిల్లర్స్ గింజల్లోనూ మిగలొచ్చు, ఎందుకంటే పులియబెట్టేటప్పుడు అనవసరపు బ్యాక్టీరియాని ఆపడానికి అక్కడ వర్జీనియామైసిన్, పెనిసిలిన్ వాడే పద్ధతి ఉంది. నీళ్ల లైన్‌లో మందు ఇచ్చినచోట పైపు లోపలి జిగట పొర మందు ఆగాక కూడా కొంత వదులుతుంది. దూడల విషయంలో పొదుగువాపుకి చికిత్స చేసిన ఆవు పాలని "అమ్మలేం, దూడకి పోద్దాం" అనుకోవడం చాలా పాత అలవాటు. సెఫలోస్పోరిన్ ఉన్న ఆ పాలు దూడ పేగులో ఈఎస్‌బీఎల్ ఇ.కోలైని, అంటే సెఫలోస్పోరిన్లని విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్న ఇ.కోలైని పెంచుతాయి. పాశ్చరైజ్ చేస్తే బ్యాక్టీరియా చస్తుంది, మందు అలాగే ఉంటుంది. జున్నుపాలు మినహా అలాంటి పాలు పారబొయ్యడమే మంచిది. పాలు ఎండగట్టేటప్పుడు పొదుగులోకి మందు ఎక్కించిన ఆవైతే, ఆ మందుకి చెప్పిన గడువు పూర్తయ్యాక ఈనితేనే ఆ జున్నుపాలు వాడాలి.

తూకం:
పేగు పరిస్థితి ఫారంలో ఎలా కొలవాలి? పెద్ద ల్యాబ్ లేకుండా ఒక చిన్న మైక్రోబయాలజీ గది చాలా?

పెట్రిడిష్:
సరిపోతుంది, క్రమశిక్షణ ఉంటే. షెడ్డులో కనీసం 20 చోట్ల అప్పుడే పడ్డ, తడి ఆరని రెట్టలు తియ్యండి. లిట్టర్ మట్టి తగలకుండా పైభాగమే. పాతరెట్టలో బయటి బ్యాక్టీరియా పెరిగి లెక్క తప్పుతుంది. అన్నీ కలిపి 10 గ్రాములు, 90 మి.లీ. పెప్టోన్ నీళ్లలో. నాలుగు డిగ్రీల్లో ఉంచి అదేరోజు, మరీ అయితే 24 గంటల్లో ప్లేటు వెయ్యండి.

నిష్పత్తి కావాలంటే ఎన్‌రిచ్‌మెంట్ (ప్లేటు వెయ్యకముందు ద్రవంలో పెంచడం) చెయ్యొద్దు. రాత్రంతా పెంచితే వేగంగా పెరిగేదే మిగులుతుంది, ఎవరు ఎంత శాతం అన్నది చెరిగిపోతుంది. పదిరెట్లు చొప్పున పలచన చేస్తూ మాక్‌కాంకీ ప్లేట్లు (ఇ.కోలై గులాబీ రంగులో పెరిగే అగర్) రెండు జతలు వెయ్యండి. ఒకటి వట్టిది, ఇంకోదాంట్లో లీటరుకి టెట్రాసైక్లిన్ 16 మి.గ్రా. వట్టిదాంట్లో 80 గులాబీ కాలనీలు, అదే పలచనలో మందు ప్లేటులో 60 వస్తే 75 శాతం లొంగనివి. మందు ప్లేట్లు చీకట్లో, ఫ్రిజ్‌లో దాచండి, వెలుతురులో ఉంచితే మందు బలం తగ్గి శాతం పెరిగినట్టు కనిపిస్తుంది.

ఈఎస్‌బీఎల్ ఉందా లేదా అని మాత్రమే తెలియాలంటే అప్పుడు ఎన్‌రిచ్‌మెంట్ మంచిదే. 37 డిగ్రీల్లో 18 నుంచి 22 గంటలు, తర్వాత లీటరుకి 1 మి.గ్రా. సెఫొటాక్సిమ్ ఉన్న మాక్‌కాంకీ మీద, 44 డిగ్రీల్లో.

ఒక్క జాగ్రత్త. టెట్రాసైక్లిన్‌కి లొంగని ఇ.కోలై కోళ్లలో ముందునుంచే ఎక్కువ ఉంటుంది. ఒకసారి 75 శాతం వచ్చిందని దాణా మీద నేరం మోపలేం. పొదిగించిన చోటి నుంచే పిల్లలు తెచ్చుకుంటాయి. దాణా మార్చకముందు, తర్వాత, అదే మంద, అదే షెడ్డు, అదే ప్లేట్లు. ఆ తేడానే చదవాలి.

గుడ్లబండి:
కొలిస్టిన్‌కి కూడా ఇదే ప్లేటు, లేదా డిస్క్ పెట్టొచ్చా?

పెట్రిడిష్:
డిస్క్ (మందు తడిపిన కాగితం బిళ్ల) వద్దు. కొలిస్టిన్ అణువు పెద్దది, అగర్‌లో సరిగ్గా పాకదు, లొంగనిది కూడా లొంగినట్టు వలయం చూపిస్తుంది. బ్రాత్ మైక్రోడైల్యూషనే, అంటే చిన్న గుంటల్లో ద్రవంలో మందుని రకరకాల మోతాదుల్లో వేసి పెరుగుదల ఎక్కడ ఆగిందో చూడటమే చెయ్యాలి. ఇనాక్యులమ్ (వేసే బ్యాక్టీరియా) మి.లీ.కి 5 లక్షల కణాలు. పక్కనే కొలిస్టిన్‌కి లొంగే ప్రామాణిక రకం ఇ.కోలై ఏటీసీసీ 25922ని కంట్రోల్‌గా పెట్టండి. పెరుగుదల ఆగడానికి కావలసిన కొలిస్టిన్ లీటరుకి 2 మి.గ్రా. దాటితే మామూలు ఇ.కోలై కాదని అనుమానించి ఎమ్‌సీఆర్ జన్యువు కోసం పీసీఆర్ (జన్యువుని వెతికే పరీక్ష) చెయ్యాలి. ఇంకో పేచీ, కొలిస్టిన్ కొన్ని ప్లాస్టిక్‌లకి అతుక్కుంటుంది, గొట్టం మారితే అంకె మారుతుంది.

రిబ్బన్‌మిక్సర్:
మిల్లులో చెయ్యాల్సిందేంటో చెప్పి నా వంతు ముగిస్తా. మందు బ్యాచ్ అవ్వగానే మిక్సర్ సామర్థ్యంలో 5 నుంచి 10 శాతం, టన్నుదైతే 50 నుంచి 100 కిలోల మొక్కజొన్న పిండి గానీ తవుడు గానీ వేసి తిప్పండి. ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే. ఆ పిండి మిక్సర్‌లో తిరిగి గేటు దగ్గరే బస్తాలోకి దిగిపోతుంది. అలా కాదు, ఎలివేటర్, బిన్, కన్వేయర్, పెల్లెట్ లైన్, బ్యాగింగ్ దాకా మందు పోయిన దారి అంతా అది పోవాలి. ఎంత చాలుతుందో ప్రతి మిల్లుకీ వేరు, కొలిచి తేల్చుకోవాల్సిందే. ఆ పిండిని వేరే బస్తాల్లో "ఫ్లష్, ఫలానా మందు" అని రాసి, మళ్లీ అదే మందు బ్యాచ్‌లోనే వాడాలి. చాలాచోట్ల అది చీటీ లేని బస్తాగా మూలన పడుంటుంది, ఏదో ఒకరోజు ఏదో దాణాలో కలుస్తుంది.

వరస కూడా ముఖ్యం. మందు దాణా తర్వాత అదే జాతి, కోతకి దూరంగా ఉన్న పశువుల దాణా నడపాలి. లేయర్, పాడి, గుర్రం, కోతకి ముందరి దాణా, ఇవి మందు బ్యాచ్ వెనకాలే ఎప్పుడూ రాకూడదు.

కలిసిందా లేదా తెలియాలంటే ఉప్పుతో చూడొచ్చు. ఉప్పు వేసి తిప్పి 10 చోట్ల నమూనాలు తీసి క్లోరైడ్ కొలిచి తేడా శాతం, అంటే సీవీ, లెక్క వెయ్యండి. 10 లోపు ఉంటే బాగుంది. 10 నుంచి 20 మధ్య వస్తే తిప్పే టైం పెంచి, బ్లేడు అరిగిందా చూడండి. 20 దాటితే రిపేరే. రిబ్బన్ అరిగినకొద్దీ గోడ సందు పెరుగుతుంది, కలవడమూ తగ్గుతుంది, మిగులూ పెరుగుతుంది. మిగులు కొలవాలంటే గుర్తు పదార్థం వేసిన బ్యాచ్ వెనక వట్టి బ్యాచ్ నడిపి, మొదటి బస్తాల నుంచి వరసగా తియ్యండి.

కొలతలగది:
దుమ్ము మాట చెప్పలేదు మీరు.

రిబ్బన్‌మిక్సర్:
అవును, చెప్పాలి. మిక్సర్ మీద గాలి లాగే బ్యాగ్ ఫిల్టర్‌లో పేరుకునేది మందులోని సన్నటి పొడే. స్థిర విద్యుత్తుకి లోహానికీ బట్టకీ అంటుకునే మందులుంటాయి, నికార్బజిన్ వాటిలో పేరున్నది. ఆ ఫిల్టర్‌ని దులిపిన దుమ్ము చాలా మిల్లుల్లో నేరుగా మిక్సర్‌లోకే పడుతుంది. అంటే మందు బ్యాచ్‌లో లాగినది, తర్వాత వట్టి బ్యాచ్ నడుస్తుండగా దులిపినప్పుడు అందులో కలుస్తుంది. ఫ్లష్ ఎంత బాగా చేసినా ఇది ఆగదు. దుమ్ముని వేరే బస్తాలోకి తియ్యాలి, లేదా మందు బ్యాచ్ నడుస్తుండగానే దులపాలి. పౌడర్ మందుకి బదులు గుళికల ప్రీమిక్స్ దొరికితే సగం గొడవ పోతుంది.

గుడ్లబండి:
ఈ బ్యాచ్ విషయంలో మరి? మొదటి బస్తాల నమూనా ఇంకోసారి పంపించడమేనా ముందు?

పేగుడాక్టర్:
మొదటి, నడిమి, చివరి బస్తాలు మూడూ పంపండి. రిపోర్టు వచ్చేదాకా ఈ దాణా లేయర్లకి పెట్టకుండా విడిగా ఉంచండి. మిల్లుని ఆ బ్యాచ్ ముందు నడిపింది ఏమిటో, ఫిల్టర్ ఎప్పుడు దులిపారో అడగండి. ఫ్లష్ బస్తాలు ఎక్కడున్నాయో చూపించమనండి. రిపోర్టు కంటే ముందు ఆ బస్తాలే అసలు సంగతి చెప్పేస్తాయి.